అరువు ఖాతా ఒక్కచోటే ఉంటే
కంప్యూటరులో లెక్కలు వ్రాసే వర్తకులకు, డీలర్లకు

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తొలి తరం వారు వర్క్‌షాపులోనో, యార్డులోనో పని చేశారు. తరువాతి తరాలలో కొందరు వ్యాపారంలోకి దిగారు. గోల్ బజారు సమీపంలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, నీటి పైపులు అమ్మే అటువంటి వర్తకులొకరు మా శాఖలో క్యాష్ క్రెడిట్ ఖాతాదారు. పేరు అవసరం లేదు. ఆయనకు జరిగిన నష్టం మీకు జరుగకూడదనే ఉద్దేశంతో, ఆయన అనుమతితోనే ఈ విషయం వ్రాస్తున్నాను.

ఆయన కొనుగోలుదారులు ఎక్కువగా నారాయణగఢ్, డెబ్రా, సబంగ్ వైపు గ్రామాల రైతులు. బోరో వరికి జనవరి, ఫిబ్రవరి మాసాలలో ఎరువులు అరువుగా తీసికొని, కోతలయిన పిమ్మట చెల్లిస్తారు. ఏప్రిల్ మధ్యలో వచ్చే బెంగాలీ సంవత్సరాది నాడు దుకాణాలలో హాల్ ఖాతా జరుగుతుంది. బాకీదారులు వచ్చి పాత లెక్క తీర్చడం, వారికి మిఠాయి పెట్టడం, ఎర్ర అట్ట పుస్తకంలో కొత్త లెక్క మొదలుపెట్టడం ఆచారం. మన వర్తకుని దుకాణంలో ఆ ఎర్ర పుస్తకం చాలాకాలంగా పూజకు మాత్రమే పరిమితమైనది. అసలు లెక్క అంతా కంప్యూటరులోని టాలీలో ఉన్నది.

రెండేళ్ళ క్రితం ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం, బెంగాలీలు కాల్ బైశాఖి అని పిలిచే ఉరుములు మెరుపుల గాలివాన వచ్చింది. కరెంటు పోయి, ఒక్క ఉదుటున తిరిగి వచ్చి, మళ్ళీ పోయింది. మరునాడు కంప్యూటరు తెరుచుకోలేదు. హార్డ్ డిస్కు నుండి టిక్కు టిక్కుమనే శబ్దం మాత్రం వచ్చింది. నేను సరుకు తనిఖీకి వెళ్ళేసరికి ఆయన నిబ్బరంగానే ఉన్నారు. “కంగారేమీ లేదు సార్, గుమాస్తా రోజూ సాయంత్రం పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు” అన్నారు.

గుమాస్తా నిజంగానే రోజూ ఎక్కించాడు. అయితే ఆ దుకాణంలో ఏటా ఏప్రిల్ 1న టాలీలో కొత్త కంపెనీ తెరిచే అలవాటు ఉన్నది. ముందటి ఏప్రిల్‌లో కొత్త కంపెనీ తెరిచిన తరువాత కూడా, బ్యాకప్ చేసేటప్పుడు అతడు పాత కంపెనీ పేరునే ఎంచుకొంటూ వచ్చాడు. ముగిసిపోయిన సంవత్సరపు లెక్క ప్రతి సాయంత్రం భద్రంగా పెన్ డ్రైవ్‌లోకి చేరింది. నడుస్తున్న సంవత్సరపు లెక్క ఒక్క రోజుది కూడా చేరలేదు. ఏడాది పొడవునా దానిని తిరిగి తెరిచి చూసినవారు లేరు.

ఈ సందర్భంలో నా పొరపాటును కూడా చెప్పడం న్యాయం. నేను ఆ దుకాణానికి పలుమార్లు వెళ్ళాను. గోదాములో బస్తాలు లెక్కించాను, బీమా పాలసీ గడువు చూశాను, ఎరువుల లైసెన్సు చూశాను. బి.ఎస్సీ. చదివినవాడినై ఉండి కూడా, ఈ లెక్కలకు రెండవ ప్రతి ఎక్కడున్నదని ఒక్కసారీ అడుగలేదు.

తిరిగి దొరికినవి, దొరకనివి

నష్టం ఎంతో తేల్చడానికి మేము నాలుగు రోజులు కూర్చున్నాము. మీ లెక్కలలో ఏ భాగం మరొక చోట కూడా ఉన్నది, ఏది మీ కంప్యూటరులో తప్ప లోకంలో మరెక్కడా లేదు అన్నది ఆ నాలుగు రోజులలోనే నాకు స్పష్టమైనది.

బ్యాంకు ఖాతాలోని జమలు, చెల్లింపులు స్టేట్‌మెంటు నుండి వచ్చాయి. కొనుగోళ్ళ బిల్లులు చాలావరకు జీఎస్టీ పోర్టల్‌లో దొరికాయి, ఎందుకంటే సరుకు పంపిన కంపెనీలు తమ వైపు నుండి వాటిని నమోదు చేస్తాయి. రిజిస్ట్రేషను గల చిన్న దుకాణదారులకు ఆయన వేసిన బిల్లులు కూడా ఆయన దాఖలు చేసిన రిటర్నులలో కనిపించాయి. కాని రైతులకు అమ్మిన సరుకు ఆ రిటర్నులలో పన్ను రేటు వారీగా మొత్తంగానే ఉంటుంది, కొన్న మనిషి పేరు ఉండదు. రాయితీ ఎరువుల అమ్మకం పి.ఓ.ఎస్. యంత్రం ద్వారా జరుగుతుంది కనుక ఏ రైతు ఎన్ని బస్తాలు తీసికొన్నాడో తెలిసింది. అతడు రొక్కం ఇచ్చాడా, అరువు పెట్టాడా అన్నది ఆ యంత్రానికి తెలియదు. విత్తనాలు, మందులు, పైపుల విషయంలో ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

కాబట్టి పోయినది సరిగ్గా అరువు ఖాతాయే. వ్యాపారంలో ఆయన పెట్టుబడిలో పెద్ద భాగం అప్పటికి రైతుల వద్దనే ఉన్నది.

ఇక్కడ ఒక్క మాట. గోదాము తగులబడితే బీమా ఉన్నది. సరుకు మీద అప్పు తీసికొన్న ప్రతివారి చేతా మా బ్యాంకు ఆ బీమా చేయిస్తుంది. నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయరు కూడా మొదట అడిగేది స్టాకు పుస్తకాలనే. ఇక ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పే జాబితా పోతే, దుకాణదారు సాధారణంగా తీసికొనే అగ్నిప్రమాద పాలసీ ఆ బాకీలను చెల్లించదు. రెండవ ప్రతి తప్ప దానికి వేరే బీమా లేదు.

హాల్ ఖాతా నాడు చాలామంది రైతులు చేతిచీటీలు పట్టుకొని తామే వచ్చారు. సబంగ్ నుండి వచ్చిన ఒక వృద్ధుడు తాను తీర్చవలసిన మొత్తాన్ని గోడ క్యాలెండరు వెనుక వ్రాసుకొని, ఆ కాగితమే చింపి తెచ్చాడు. రానివారూ ఉన్నారు. బాకీలలో సుమారు మూడవ వంతు నేటికీ వసూలు కాలేదు.

బ్యాంకు వైపు నుండి మరొక చిక్కు ఉన్నది. క్యాష్ క్రెడిట్‌లో మీరు ఎంత సొమ్ము తీసికొనవచ్చునన్నది మీరిచ్చే సరుకు, బాకీల నివేదిక మీద ఆధారపడుతుంది. మూడు నెలలకు మించి పాతబడిన నివేదిక ఆధారంగా సొమ్ము తీసికొంటే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ బాకీ క్రమం తప్పినదవుతుంది. ఆ స్థితి ఎడతెగకుండా 90 రోజులు సాగితే ఖాతా నిరర్థక ఆస్తి జాబితాలోకి పోతుంది. లెక్కలు లేని వర్తకుడు నివేదిక ఇవ్వలేడు. ఈయన విషయంలో సరుకును మళ్ళీ మొదటి నుండి లెక్కించి సకాలంలో నివేదిక ఇవ్వగలిగాము. బాకీల కాలమ్‌లో మాత్రం రుజువున్నంత మేరకే వ్రాయవలసి వచ్చింది. ఆ మేరకు ఆయనకు అందే సొమ్ము తగ్గింది, అదీ ఖరీఫ్ సరుకు తెప్పించుకొనే రోజులలో.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. జీఎస్టీ లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలల పాటు భద్రపరచాలి. కంప్యూటరులో లెక్కలుంచేవారు ప్రమాదం వలనో, ప్రకృతి వైపరీత్యం వలనో అవి నాశనమైనా సహేతుకమైన వ్యవధిలో తిరిగి తేగలిగేలా బ్యాకప్ ఉంచుకోవాలని జీఎస్టీ నియమాలలో 57వ నియమం చెబుతున్నది.

రెండు స్టేషన్ల రిజిస్టరు

ఖరగ్‌పూర్ వారికి రైల్వే ఉదాహరణ సులభంగా తెలుస్తుంది. రైలు బండికి లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు ఇరుగుపొరుగు స్టేషను మాస్టర్లు ప్రైవేటు నంబరు చెప్పుకొంటారు. ఆ నంబరు ఇక్కడి రిజిస్టరులోనూ, అక్కడి రిజిస్టరులోనూ పడుతుంది. ఒక స్టేషను తగులబడినా రెండవ స్టేషనులో వ్రాత నిలుస్తుంది. మీ లెక్కల రెండవ ప్రతి కూడా పొరుగు స్టేషనులో ఉండవలసినదే. కంప్యూటరు ప్రక్కన సొరుగులో ఉన్న పెన్ డ్రైవ్ అదే స్టేషనులోని మరొక బల్ల వంటిది. అగ్ని, వరద, దొంగ రెండింటినీ ఒకేసారి తీసికొనిపోతారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తాకినప్పుడు గాని, 2020 మే 20న బెంగాల్ తీరాన్ని ఆంఫన్ తాకినప్పుడు గాని, తడిసిన దుకాణంలో సొరుగు మాత్రం పొడిగా మిగలదు కదా.

అమెరికన్ ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క చిన్న వ్యాపారానికి సరిపోతుంది. మొత్తం 3 ప్రతులు, 2 రకాల సాధనాల మీద, వాటిలో 1 వేరే చోట. దుకాణంలోని కంప్యూటరు మొదటిది. బయటి హార్డ్ డిస్కు రెండవది. ఇంటర్నెట్ ద్వారా గూగుల్ డ్రైవ్ వంటి చోట ఉంచినది మూడవది. మన వర్తకుడు ఇప్పుడు రెండు చిన్న డిస్కులు కొని, వాటి మీద తెల్లరంగుతో క, చ అని వ్రాసుకొన్నారు. ఒక వారం ‘క’ దుకాణంలో, ‘చ’ నింపురాలోని ఇంట్లో ఉంటాయి. ఆదివారం అవి స్థలం మార్చుకొంటాయి. బ్యాకప్ పూర్తయిన వెంటనే డిస్కును కంప్యూటరు నుండి విడదీస్తారు.

ఈ విడదీయడం చాలా ముఖ్యం, పిడుగు వలన మాత్రమే కాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, 300 డాలర్ల విలువ గల బిట్‌కాయిన్ అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోను, ఇక్కడ పశ్చిమ మేదినీపూర్ జిల్లా విద్యుత్ పంపిణీ కార్యాలయాలలోను కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. 2024 జులై చివరలో సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద ఇటువంటి దాడే జరిగి, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికంగా నిలిచిపోయాయి. ఈ జాతి ప్రోగ్రాములు కంప్యూటరుకు తగిలించి ఉన్న పెన్ డ్రైవ్‌కు కూడా తాళం వేస్తాయి. బీరువాలో ఉన్న డిస్కును అవి ముట్టలేవు.

ఇంటర్నెట్‌లో ఉంచే ప్రతి విషయంలో ఒక భ్రమ ఉన్నది. కంప్యూటరులోని ఫోల్డరును ఎప్పటికప్పుడు అక్కడి దానితో సమానం చేసే ఏర్పాటును చాలామంది బ్యాకప్ అనుకొంటారు. ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా చెరుగుతుంది, ఇక్కడ పాడైతే అక్కడికీ పాడైనదే చేరుతుంది. కనుక తేదీ వేసిన వేరు వేరు ప్రతులు ఉంచండి. ఆ ఖాతా ఎవరి ఫోను నంబరు మీద తెరిచి ఉన్నదో కూడా చూడండి. గుమాస్తా నంబరు మీద ఉంటే, అతడు వేరే కొలువుకు వెళ్ళిన రోజున మీ లెక్కల తాళంచెవి అతని జేబులో వెళ్తుంది. టాలీలో వాల్ట్ సంకేతపదం పెట్టుకొన్నవారు దానిని మరచిపోతే తిరిగి తెచ్చే మార్గం లేదు. కాగితం మీద వ్రాసి ఇనుప పెట్టెలో ఉంచండి.

పాత కంప్యూటరులో అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు జాబితాలు ఉన్నవారికి ఒక చిన్న మాట. ఆ ఫాంటు లేని యంత్రంలో అవి అర్థంలేని అక్షరాలుగా కనబడతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చిన పిదపనే భద్రపరచండి.

తిరిగి తెరిచి చూడడం

నెలకొకసారి, నెల చివరి రోజున అయితే మేలు, డిస్కులోని ప్రతిని తిరిగి తెరవండి. దుకాణపు కంప్యూటరులో అసలు లెక్కలున్న ఫోల్డరులోనికి రిస్టోర్ చేయవద్దు. అలా చేస్తే పాత ప్రతి వచ్చి కొత్త లెక్కల మీద కూర్చుంటుంది. వేరే ఫోల్డరు తెరిచి, వీలైతే ఇంట్లోని వేరే కంప్యూటరులో, అందులోనికి రిస్టోర్ చేయండి. తెరుచుకొన్నదని తృప్తి పడక మూడు విషయాలు సరిచూడండి. కంపెనీ పేరు, సంవత్సరం సరైనవేనా, చివరి బిల్లు నిన్నటిదేనా, బాకీదారుల మొత్తం దుకాణంలో కనిపించే మొత్తంతో సరిపోయిందా. పది నిమిషాల పని. నేను పైన చెప్పిన దుకాణంలో ఆ పది నిమిషాలు ఒక్క నెల వెచ్చించి ఉంటే గుమాస్తా తప్పు మే నెలలోనే బయటపడేది.

అదే రోజు బాకీదారుల జాబితాను కాగితం మీద ముద్రించి ఇంట్లో ఉంచండి. కాగితానికి కరెంటు అక్కరలేదు. వీలున్నంత వరకు రైతు వచ్చినప్పుడు అతని పేరు ఎదుట సంతకం తీసికొనండి. అమ్మిన సరుకు బాకీకి దావా వేసే గడువు సాధారణంగా 3 సంవత్సరాలు. ఆ గడువు లోపల బాకీని ఒప్పుకొంటూ వ్రాతపూర్వకంగా సంతకం చేస్తే ఆ తేదీ నుండి కొత్త గడువు మొదలవుతుంది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కంప్యూటరులో క్రమంగా వ్రాసిన లెక్కలు సాక్ష్యానికి పనికివస్తాయి గాని, ఒకరి మీద బాకీ మోపడానికి అవి ఒక్కటే చాలవు. సంతకం ఉన్న కాగితం అక్కడ ఉపయోగపడుతుంది.

ఇన్ని చేసినా డిస్కు ఒకనాడు చెడవచ్చు. టిక్కు శబ్దం వినిపిస్తే వెంటనే ఆపివేయండి, మళ్ళీ మళ్ళీ వెలిగించి చూడవద్దు. విండోస్ కొత్తగా ఎక్కిస్తే బాగవుతుందని చెప్పే మెకానిక్కుకు ఆ డిస్కును ఇవ్వవద్దు. అందులో మిగిలి ఉన్నది కూడా చెరిగిపోతుంది.

గోల్ బజారు దుకాణంలో ఇప్పుడు గల్లాపెట్టె వద్ద ఒక చిన్న నోటు పుస్తకం వ్రేలాడుతున్నది. అందులో మూడు గడులు: తేదీ, క లేక చ, తిరిగి తెరిచి చూసినవారి సంతకం. సరుకు తనిఖీకి వెళ్ళినప్పుడు నేను బస్తాలకన్నా ముందు ఆ పుస్తకమే అడుగుతున్నాను. క్రిందటి నెల చూసినప్పుడు చివరి సంతకం గుమాస్తాది కాదు, యజమాని భార్యది.