కడుపు ఖాతా

దుకాణంలో ప్రతి పైసా రాసుకునే మనం, కడుపులోకి పోయేది రాసుకోం. అరకు చలికి రోజుకు అయిదు టీలు తాగితే, కప్పుకు రెండు చొప్పున పది చెంచాల చక్కెర! సుమారు ఆరు చెంచాలకు మించకపోతే మరీ మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

అమెరికాలో దాదాపు 1,700 మందిపై జరిపి 2008లో ప్రకటించిన అధ్యయనంలో, తిన్నది రోజూ రాసుకున్నవారు రాయనివారికంటే రెట్టింపు బరువు తగ్గారు.

ఇషా నమాజు తర్వాత మూడు వరసలు రాయండి: ఏం తిన్నాను, ఎంత నడిచాను, ఆకలి లేకున్నా ఎందుకు తిన్నాను? ఇఫ్తార్ బజ్జీలనూ దాచవద్దు. వారానికొకసారి బరువు రాయండి. షుగరు మందులు వాడేవారు ఆ పుస్తకం డాక్టరుకు చూపండి.

ఇదీ ముహాసబాయే. పేద పిల్లలకు నోటుబుక్కులు ఇచ్చే దాతలారా, ఒకటి మీకోసమూ ఉంచుకోండి.