నీటి సిరా – నీటికి చెదరని బొమ్మ

సిరాతో రాసిన పేజీ మీద నాలుగు నీటిచుక్కలు పడితే ఏమవుతుంది? అక్షరాలు అలుక్కుపోతాయి. ఆ సిరా నీటితో తయారైనది కనుక నీరు తగలగానే మళ్ళీ కరుగుతుంది. మరి నీటి సిరాతోనే గోడంత బొమ్మ అచ్చువేసి, రోజూ తడిగుడ్డతో తుడిచినా చెదరకుండా ఉంచడం సాధ్యమా? సాధ్యమే. ఎలాగో చూద్దాం.

గోడకు దళసరి తొడుగు

ఆస్పత్రి నడవాల్లో గోడలకు స్ట్రెచర్లు తగులుతాయి, సామాన్ల బండ్లు రాసుకుంటాయి. వాటిని క్రిమిసంహారక మందులతో తుడవాలి. అక్కడ పల్చటి రంగుకాగితం నాలుగు రోజులు కూడా నిలవదు. అందుకని వెనుక నేతగుడ్డ, ముందు వినైల్ అనే ప్లాస్టిక్ పొర ఉన్న దళసరి తొడుగు అంటిస్తారు.

అమెరికాలో ఇటువంటి తొడుగులను గట్టిదనాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించారు. రెండవ తరగతిలో ఎక్కువగా వాడే ఒక రకం వెడల్పు 54 అంగుళాలు. గజం పొడవు ముక్క 20 ఔన్సులు తూగుతుంది. దీన్ని మన కొలతల్లోకి మారుద్దాం. బరువు 567 గ్రాములు. వైశాల్యం 1.37 × 0.914, అంటే సుమారు 1.25 చదరపు మీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు దాదాపు 450 గ్రాములు వస్తుంది. నోటుబుక్కు కాగితం చదరపు మీటరుకు 60 గ్రాములు ఉందనుకుంటే, ఇది దానికి ఏడున్నర రెట్లు! 30 గజాల చుట్ట 17 కిలోలు ఉంటుంది. ఈ బరువును గుర్తుంచుకోండి. అసలు తిప్పలన్నీ దీనితోనే.

సిరాలో పాలు

వినైల్ నీటిని పీల్చుకోదు. మామూలు నీటి సిరా దాని మీద తామరాకు మీది నీటిబొట్టులా ఉండిపోతుంది. అందుకని మొదట్లో రసాయన ద్రావణులలో కలిపిన సిరాలు వాడేవారు. ద్రావణి వినైల్‌ను కాస్త మెత్తబరచి, రంగును లోపలికి పట్టిస్తుంది. కాని ఆ తరువాత అది ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరులు ప్రింటరు దగ్గర పనిచేసేవారి ఆరోగ్యానికి మంచివి కావు. రోగులు పడుకునే గదిలో ఆ వాసన ఎవరికి కావాలి?

ఈ చిక్కుకు ఒక పరిష్కారంగా 2008లో హ్యూలెట్ పకార్డ్ కంపెనీ లేటెక్స్ సిరాతో పనిచేసే పెద్ద ప్రింటరును ప్రవేశపెట్టింది.

లేటెక్స్ అంటే ఏమిటి? మర్రి ఆకు తుంచితే తెల్లటి పాలు కారడం మీరు చూసే ఉంటారు. ఆ పాలే లేటెక్స్. అందులో నీరు, ఆ నీటిలో తేలియాడే అతి సూక్ష్మమైన కణాలు ఉంటాయి. ఆరితే బంకగా సాగుతుంది. ప్రింటరు సిరాలో ఉన్నవి మాత్రం చెట్టు పాలు కావు. ప్రయోగశాలలో తయారుచేసిన ప్లాస్టిక్ కణాలు. వాటితోపాటు రంగునిచ్చే వర్ణక కణాలూ ఉంటాయి. సిరాలో సగానికి పైగా నీరే!

బుడగ తోసిన చుక్క

ప్రింటరు తలలో వెంట్రుకవాసి రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. ప్రతి రంధ్రం వెనుక ఒక చిట్టి పొయ్యి ఉంటుంది. విద్యుత్తు అందగానే అది కొన్ని మైక్రోసెకన్లలో సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. దాన్ని తాకిన సిరా ఆవిరై బుడగ కడుతుంది. ఆ బుడగ ముందున్న సిరాను చుక్కగా బయటికి నెడుతుంది. చుక్క 10 పీకోలీటర్లు అనుకుంటే ఒక్క మిల్లీలీటరులో 10 కోట్ల చుక్కలన్నమాట!

పడిన చుక్కలు వినైల్ మీద పాకి కలిసిపోకూడదు కదా. అందుకని తరువాత వచ్చిన యంత్రాల్లో రంగులేని ఇంకొక ద్రవాన్ని కూడా చల్లుతారు. బురదనీటిలో పటిక తిప్పితే మట్టి గుమికూడి అడుగుకు చేరుతుంది. ఇక్కడా అంతే. వర్ణక కణాలు విద్యుదావేశం వల్ల ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ ఉంటాయి. ఆ ద్రవం ఆవేశాన్ని అణచగానే ఎక్కడివక్కడే గుమికూడి ఆగిపోతాయి.

ఇక వేడిగాలి వంతు. ముందు నీరు ఆవిరవుతుంది. మిగిలిన ప్లాస్టిక్ కణాలు ఒకదానికొకటి ఒరుసుకొని, వేడికి మెత్తబడి, అతుక్కుపోయి ఒకే పొర అవుతాయి. వర్ణక కణాలు ఆ పొరలో చిక్కుకుంటాయి. నీరు రంగును మోసుకొచ్చి దించి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి తట్టినా తలుపు తెరుచుకోదు!

బరువు తెచ్చే తిప్పలు

సిరా పొర కట్టడానికి వేడి కావాలి. దళసరి తొడుగు ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని తానే పీల్చుకుంటుంది. వేడి చాలకపోతే పొర సరిగా కట్టదు. గోకితే రంగు ఊడుతుంది. పోనీ అని వేడి పెంచితే వినైల్ మెత్తబడి సాగుతుంది, అంచులు లేస్తాయి. లేచిన అంచు ప్రింటరు తలకు తగిలితే పని పాడవుతుంది. అందుకే దళసరి సరుకును కాస్త నెమ్మదిగా నడిపిస్తారు. తక్కువ వేడినే ఎక్కువసేపు తగలనిస్తారు.

బరువైన చుట్టను లాగడంలోనూ జాగ్రత్త కావాలి. 2.7 మీటర్ల ఎత్తు పట్టీ పక్కదానికన్నా నూటికి 0.3 వంతు ఎక్కువ సాగిందనుకోండి. తేడా 8 మిల్లీమీటర్లు! రెండు పట్టీలను పక్కపక్కన అంటిస్తే చెట్టుకొమ్మ మధ్యలో విరిగినట్లు కనబడుతుంది.

రంగులోనూ ఇటువంటి చిక్కే ఉంది. ఒక్కోసారి పట్టీ ఎడమ అంచుకూ, కుడి అంచుకూ రంగులో రవ్వంత తేడా వస్తుంది. విడిగా చూస్తే తెలియదు గాని, రెండంచులూ కలిసినచోట గీతలా కనిపిస్తుంది. దీనికి తేలిక ఉపాయం ఉంది. ఒక పట్టీని మామూలుగా, తరువాతి దాన్ని తలకిందులుగా అచ్చువేస్తారు. గోడ మీద సరిగా తిప్పి అంటించినప్పుడు యంత్రపు కుడివైపు వచ్చిన అంచులు రెండూ ఒకచోట కలుస్తాయి. కాగితం మీద గీసి చూడండి, మీకే తెలుస్తుంది.

వాసన తగ్గినంత మాత్రాన అన్ని చిక్కులూ తీరలేదు. వినైల్ మట్టిలో కుళ్ళదు. పైగా అది తేమను తనగుండా పోనివ్వదు. ఉక్కపోత ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో, చల్లబరచిన గదుల గోడలలో చేరిన తేమ తొడుగు వెనుక చిక్కి బూజు పట్టవచ్చు. అందుకని అంటించే ముందు గోడ పొడిగా ఉందో లేదో చూసుకోవాలి.

చేసి చూడండి

ఒక చెంచా నీటిలో చిటికెడు పసుపు కలపండి. మరొక చెంచా నీటిలో చిటికెడు పసుపు, అర చెంచా ఫెవికాల్ కలపండి. రెండింటినీ ప్లాస్టిక్ అట్ట మీద పల్చగా పూసి, రాత్రంతా ఆరనివ్వండి. ఉదయం తడిగుడ్డతో మెల్లగా తుడవండి. ఏది ముందు పోయింది? తెల్లగా ఉండే ఫెవికాల్ ఆరాక పారదర్శకంగా ఎందుకు మారింది? జవాబు పైన ఉన్న పాఠంలోనే ఉంది. వెతకండి!