చలికాలమున మోటారుసైకిలు నడపువారి చేతులు

చలికాలమున వేకువనే మోటారుసైకిళ్లపై పనులకు బోవువారు మన యిండ్లలో ననేకులు గలరు. వారికి చలి మొట్టమొదట సోకునది చేతివ్రేళ్లకే. ఇది సుఖమునకు సంబంధించిన చిన్న విషయమని కొందఱు తలంతురు; కాని యిది ప్రాణరక్షణమునకు సంబంధించినది.

ఒక పుష్యమాసమున మేము తెల్లవారకమునుపే నర్సీపట్నమునుండి లంబసింగికి బయలుదేఱితిమి. ఆ గ్రామము తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున నున్నది. కనుమదారిలో మంచు దట్టముగా గ్రమ్మియుండెను. మా చేతులకు పలుచని నూలు తొడుగులు మాత్రమే యుండెను. ఒక మలుపునొద్ద ఆవు అడ్డము వచ్చెను. బ్రేకు పట్టుమని మనస్సు చెప్పెను గాని వ్రేళ్లు వెంటనే ముడుచుకొనలేదు. దైవకృపచే ఆవు తొలగిపోయెను. ఆనాడు నేర్చిన పాఠమునే యిచ్చట వ్రాయుచున్నాము.

వ్రేళ్లు ముందుగా చల్లబడుటకు రెండు కారణములు గలవు. మొదటిది శరీరధర్మము. దేహమునకు చలి సోకినప్పుడు గుండె మొదలగు లోపలి యవయవముల వేడిమిని కాపాడుటకై చేతులలోని సన్నని రక్తనాళములు ముడుచుకొనును. వెచ్చని రక్తము తగ్గుటచే వ్రేళ్లు మొద్దుబాఱును. రెండవది గాలి. చర్మము నంటియుండు వెచ్చని గాలిపొరను వేగముగా వీచు గాలి తొలగించును. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు అంటార్కిటికా ఖండమున నీరు గడ్డకట్టు కాలమును కొలిచి యీ సంగతిని పరీక్షించి 1945లో ప్రకటించిరి. 2001లో సవరింపబడిన సూత్రము ననుసరించి, 5 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలిన ముఖచర్మమునకు 0 డిగ్రీలవలెను, 60 కిలోమీటర్ల గాలి తగిలిన అంతకు రెండు డిగ్రీలు తక్కువవలెను తోచును.

ఇక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు బండి సెకండునకు 16 మీటర్లకు పైగా సాగును. వ్రేళ్లు ఒక్క సెకండు జాగుచేసిన నెంత యపాయమో విద్యార్థులే యోచింపగలరు.

నివారణోపాయములు చెప్పెదము. చేతులు వెచ్చగా నుండవలెనన్న ముందు ఱొమ్మును, మెడను గాలి చొరకుండ కప్పుకొనవలెను. మొండెము వెచ్చగానున్న రక్తము వ్రేళ్లవఱకు వచ్చును. చొక్కాకును పైకోటునకును నడుమ మడిచిన వార్తాపత్రిక నుంచుకొనుట పాత యుపాయమైనను మంచిది. చేతులకు లోపల ఉన్ని తొడుగును, దానిపై గాలి చొరని తోలు తొడుగును ధరింపవలెను. అవి బిగుతుగా నుండరాదు. ఏలయన బిగుతు రక్తప్రసారము నడ్డగించును, వెచ్చని గాలి నిలుచుటకు చోటు నీయదు. తడిసిన తొడుగు చలిని హెచ్చించును గావున పొడిది వేఱొకటి వెంట నుంచుకొనవలెను. హ్యాండిలునకు గాలినడ్డు పలకలు గాని, విద్యుత్తుచే వేడెక్కు పిడులు గాని అమర్చుకొనుట మిక్కిలి యుపకరించును.

వ్రేళ్లు మొద్దుబాఱినచో బండి నాపుటయే వివేకము. చేతులను చంకలలో నుంచుకొనవలెను, లేదా భుజములనుండి గుండ్రముగా త్రిప్పవలెను. వేడి సైలెన్సరును తాకరాదు; స్పర్శ తెలియని చర్మము కాలినను తెలియదు. మద్యము వెచ్చదనమిచ్చునను మాట భ్రమ. అది చర్మమునకు రక్తమును ప్రసరింపజేసి లోపలి వేడిమిని వెలికి బోగొట్టును. పొగాకు రక్తనాళములను మఱింత ముడుచును.

బాలబాలికలారా! మీకు బండి నడపు వయస్సు ఇంకను రాలేదు. అయినను వేకువనే బయలుదేఱు మీ తండ్రికో అన్నకో పొడి తొడుగులు చేతికందించి, "మెల్లగా పోయి రండు" అని చెప్పుట మీవలన నగును. ఆ చిన్న సేవ ఒక కుటుంబమును కాపాడవచ్చును.