సెలవుల్లో పిల్లలతో చూడదగ్గ సంగీత చిత్రాలు



హైస్కూలు పిల్లలు ఇంట్లో ఉంటే కె. విశ్వనాథ్ గారి 'స్వాతి కిరణం' (1992) చూపించండి. తనకంటే బాగా పాడే కుర్రాడిని చూసి గొప్ప విద్వాంసుడైన గురువు అసూయతో రగిలిపోతాడు. గురువుగా మమ్ముట్టి, శిష్యుడిగా మంజునాథ్ నటించారు. కుర్రాడి పాటలు పాడింది వాణీ జయరామ్!

ఒక్క జాగ్రత్త. చివర్లో ఆ పిల్లవాడు ప్రాణం తీసుకుంటాడు. అందుకే ఒంటరిగా చూడనివ్వకండి, పక్కనే కూర్చోండి. అయ్యాక 'వాడు తన బాధ ఇంట్లో ఎందుకు చెప్పుకోలేదంటావ్?' అని అడిగి, పిల్లలు చెప్పేది వినండి. ఆ పూట ర్యాంకుల మాట ఎత్తకండి.

చిన్నవాళ్లకు నాగయ్య గారి 'త్యాగయ్య' (1946) పెట్టండి. నలుపు తెలుపు అని మొదట మూతి ముడుస్తారు, ఫర్వాలేదు.

'బలగం' (2023) సంగీతకారుల కథ కాదు గానీ, చివరి పాటలోని గొంతులు మన వరంగల్ జిల్లా జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులవి. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. పాట వచ్చినప్పుడు పిల్లలకు ఆ సంగతి చెప్పండి.