తీపి మానేశాం, మరి అన్నమో?



గృహ సందర్శనకు వెళ్లినప్పుడు ఒక మాట తరచుగా వింటుంటాను. "ఫాదర్ గారూ, నాకు షుగరండి. టీలో పంచదార మానేసి రెండేళ్లయింది. అయినా తగ్గడం లేదు." అదే ఇంట్లో మధ్యాహ్న భోజనానికి కూర్చుంటే కారణం పళ్లెంలోనే కనబడుతుంది. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో, మళ్లీ పెరుగుతో అన్నం!

లెక్క చూడండి. టీలో వేసే చెంచా పంచదార నాలుగైదు గ్రాములు. ఒక కప్పు అన్నంలో, అంటే సుమారు 150 గ్రాములలో, పిండిపదార్థం 40 గ్రాములకు పైనే. అరిగాక అది గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. మూడు కప్పులు తింటే ఆ లెక్కన పాతిక చెంచాలు!

బెల్లం, తేనె పరవాలేదని కొందరి నమ్మకం. రక్తానికి ఆ తేడా పెద్దగా తెలియదు. రాగిజావ గ్లాసులకు గ్లాసులు త్రాగేవారూ ఉన్నారు. రాగుల్లో పీచు, కాల్షియం ఉన్న మాట నిజమే. కాని 100 గ్రాముల రాగిపిండిలో పిండిపదార్థం 70 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. రాత్రి చపాతీలు రెండైతే సరే. ఐదు తింటే అన్నం మానిన ఫలమేమిటి?

అన్నం పూర్తిగా మానమని నేను చెప్పను, మనవల్ల అయ్యే పని కాదది. పళ్లెంలో సగం కూరగాయలు (దుంపలు ఈ లెక్కలోకి రావు), పావు భాగం పప్పో, గుడ్డో, చేపో, మిగిలిన పావులో అన్నం ఉండాలి. ముందు కూర, పప్పు కొంత తిని, ఆపైన అన్నం కలుపుకుంటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి. అమ్మలారా, మారు వడ్డించడం ప్రేమే. ఆ ప్రేమ కూర గరిటెతో చూపండి.

సెమినరీలో అరిస్టాటిల్ చదివినప్పటి ఉదాహరణ ఒకటి గుర్తుంది. మిలో అనే మల్లయోధునికి చాలని తిండి, కొత్తగా సాధన మొదలుపెట్టినవాడికి ఎక్కువవుతుంది. పొలంలో వంగి పనిచేసే రైతుకూ, కుర్చీలో కూర్చునే నాకూ (నాకూ ఈ వ్యాధి ఉంది) ఒకే కొలత కుదరదు. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు పరీక్ష చేసుకుంటూ ఉంటే ఎవరి కొలత వారికే తెలుస్తుంది.

ఇక తపస్కాలం సంగతి. ఒక శుక్రవారం సిలువ మార్గంలో పన్నెండవ స్థలం దగ్గర ఒక పెద్దావిడ చెమటలు పట్టి, వణుకుతూ కూలబడింది. ఉదయం మాత్ర వేసుకుంది. ఉపవాసమని ఏమీ తినలేదు. ఇన్సులిన్, కొన్నిరకాల మాత్రలు తిండి లేకపోతే చక్కెరను ప్రమాదకరంగా దించుతాయి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగిస్తే పావుగంటకు తేరుకుంది. (స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.) తప్పు నాదే. ఉపవాసం చేయండని ప్రసంగంలో చెప్పాను, ఎవరు చేయకూడదో చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. శ్రీసభ చట్టం 1252 ప్రకారం ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారికి, అదీ 59 నిండేవరకే. వ్యాధిగ్రస్తులకు ఆ నిర్బంధం లేదు. దివ్య సత్ప్రసాదానికి ముందు పాటించే గంట ఉపవాసం నుండి కూడా వృద్ధులకు, రోగులకు 919వ చట్టం మినహాయింపు ఇచ్చింది. కనుక ఉదయం పూజకు ముందు మాత్ర వేసుకునేవారు తినే రండి. ఉపవాసం చేసి తీరాలనుకునేవారు ముందు డాక్టరుగారిని అడగండి. పవిత్ర శుక్రవారం ఊరేగింపుకు వచ్చేటప్పుడు జేబులో ఒక పంచదార పొట్లం వేసుకోండి.