తయారై వచ్చు ఇండ్లు: సంఘమునకు గల ఉపయోగము



కోతలు ముగిసిన పిమ్మట ఇల్లు కట్ట మొదలిడినవాడు తొలకరికి ముందు కప్పు వేయలేనిచో ఏమగునో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. మట్టిగోడలు తడిసి కూలును. తాపీపనివాడు పొరుగూరికి పోవును. తెచ్చిన అప్పునకు వడ్డీ మాత్రము ఆగదు. ఇటుకకు, సున్నమునకు, కలపకు పెట్టిన ఖర్చు కంటికి కనబడును గాని, జాగువలన కలుగు ఖర్చు కనబడదు. ఆ జాగును తగ్గించు పద్ధతి యొకటి కలదు. ఇంటి భాగములను కర్మాగారమున ముందుగా చేసి, స్థలమునకు తెచ్చి కూర్చుటయే ఆ పద్ధతి. దాని మేలెట్టిది, అది ఎవరికి దక్కును, ఎచ్చట జాగ్రత్త వలయును అను సంగతులను ఈ పాఠమున తెలిసికొందము.

1. పద్ధతి యెట్టిది?

ఇది మనకు బొత్తిగ క్రొత్త కాదు. బావికి దింపు సిమెంటు ఒరలను చూడుడు. వానిని ఒకే అచ్చున పోసి, నీటితో తడుపుచు గట్టిపరచి, బండిమీద తెచ్చి, ఒకదానిపై నొకటి దింపుదురు. ఇంటి గోడపలకలను, కప్పుపలకలను, మెట్లను ఇట్లే చేయవచ్చును. మరియొక విధమున కిటికీలు, నీటిగొట్టములు, విద్యుత్తీగలతో సహా గదికి గదియే తయారై వచ్చును.

దీనివలని మేళ్లు స్పష్టములు. స్థలమున పునాది తీయుచుండగనే కర్మాగారమున గోడలు సిద్ధమగుచుండును. నీడపట్టున జరుగు పని గనుక వాన దానిని ఆపదు. కొలతలు ఒక్కతీరుగ నుండును. సామాను వృథాపోవుట తగ్గును. ముందుగా ఏర్పాటు చేసికొన్నచో, కుటుంబము పెరిగినపుడు మరియొక గదిని చేర్చుకొనవచ్చును.

2. బ్రిటనులో జరిగినది

రెండవ ప్రపంచయుద్ధమున బాంబులవలన బ్రిటనులో లెక్కకు మించిన ఇండ్లు పాడయ్యెను. అందుచే 1944లో తాత్కాలిక గృహములకై చట్టము చేయబడెను. 1945 మొదలు 1949 వరకు 1,56,000కు పైగా ఇండ్లు ఈ పద్ధతిని నిలుపబడెను. వానిలో అల్యూమినియపు ఇండ్లను, యుద్ధము ముగిసి పని తగ్గిన విమాన కర్మాగారములు, నాలుగేసి భాగములుగ చేసి లారీలమీద పంపెను. ఇంటిలోపలనే స్నానపుగది, మరుగుదొడ్డి, వంటగదిలో రిఫ్రిజిరేటరు ఉండుటచే, అట్టి వసతి నెన్నడు నెరుగని శ్రామిక కుటుంబములు వానిని మిగుల ప్రేమించెను. పదియేండ్లు నిలిచిన చాలునని తలచిన ఇండ్లలో అనేకములు దశాబ్దములు నిలిచినవి. లండనునందలి క్యాట్‌ఫర్డులో ఆరింటికి 2009లో చారిత్రక కట్టడములుగ రక్షణ లభించెను.

అయినను ఒక సంగతి మరువరాదు. ఆ యిండ్లకు మొదట వేసిన అంచనాకంటె చాల హెచ్చు వ్యయమయ్యెను. కర్మాగారమున చేసిన మాత్రమున ఇల్లు చౌక కాదని దీనివలన తెలియుచున్నది.

3. స్టాక్‌హోము నేర్పు పాఠము

మరి పేదవానికి చౌక యగుట యెట్లు? స్వీడను ముఖ్యపట్టణమగు స్టాక్‌హోము పురపాలకులు 1927 మొదలు ఒక యేర్పాటు చేసిరి. పట్టణపు అంచున స్థలములను కౌలుకిచ్చిరి. కర్మాగారమున తయారైన కొయ్యగోడలను, తక్కిన సామానును, పటములను సమకూర్చి, పని నేర్పువారిని నియమించిరి. ఇంటి విలువలో అధికభాగమును అప్పుగ నిచ్చిరి. మిగిలిన పదవ వంతును రొక్కముగ కోరక, కుటుంబము చేయు కాయకష్టమును దానికింద జమకట్టుకొనిరి. భార్యాభర్తలు సాయంకాలములందును సెలవుదినములందును పునాదులు త్రవ్వి, గోడలు నిలిపి, మేకులు కొట్టిరి. భాగములు కొలతకు సిద్ధమై వచ్చుటచేతనే పనివాడు కానివాడును తన యింటిని తాను కట్టుకొనగలిగెను.

ఇందలి సారమును గ్రహింపుడు. కర్మాగారము శ్రమను సులభము చేసెను. అప్పు యేర్పాటు ఆ శ్రమను మూలధనముగ మార్చెను. రెండింటిలో ఏది లేకున్నను పేదవానికి ఇల్లు లేదు.

4. మన దేశమున

ఢిల్లీలో 1948లో కేంద్ర ప్రభుత్వము గృహనిర్మాణ కర్మాగారమును స్థాపించెను. తేలిక కాంక్రీటు పలకలతో ఇండ్లు కట్టవలెనని సంకల్పము. కాని పలకలు బీటలు వారుటచే ఆ తొలియత్నము ఫలింపలేదు. పిమ్మట ఆ కర్మాగారము ఇతర కాంక్రీటు సామగ్రివైపు మరలెను. ఆనాటినుండి పనితనము చాల మెరుగైనది. 2021 జనవరి 1వ తేదీన శంకుస్థాపన జరిగిన చెన్నై నగరపు 1,152 ఇండ్లు, ముందుగా పోసిన కాంక్రీటు భాగములతో నిర్మింపబడి, 2022 మే 26వ తేదీన ప్రారంభమయ్యెను.

5. సంఘము చేయవలసినది

అచ్చునకు ఖర్చు ఒక్కసారియే. ఒక యింటికై అచ్చు చేయించిన ఆ భారమంతయు ఆ యొక్కనిపై పడును. నలువది యిండ్లకు చేయించిన నలువదిమందికి పంచబడును. కావున ఒంటరి రైతునకు ఈ పద్ధతి ప్రియము, సంఘమునకు చౌక. ఇల్లు కట్టదలచిన సభ్యులు ముందుగా కూడి, ఈ క్రిందివానిని తేల్చుకొనవలెను.

మొదటిది: ఒక్క పటమును అందరును అంగీకరింపవలెను. తలకొక మార్పు కోరినచో చౌక పోవును.

రెండవది: కర్మాగారము ఎంత దూరమున నున్నదో, బరువు లారీయు, భాగముల నెత్తు యంత్రమును మన వీథిలోనికి రాగలవో చూడవలెను. రవాణాకూలి లాభమును మ్రింగివేయవచ్చును.

మూడవది: అతుకులను పరీక్షింపవలెను. పలక గట్టిదైనను, రెండు పలకలు కలియుచోట నీరు దిగినచో ఇల్లు చెడును. ఒక వానకాలము గడచువరకు సొమ్ములో కొంత నిలిపి యుంచుకొను షరతును ఒడంబడికలో వ్రాయించుకొనవలెను.

నాలుగవది: మన యెండకు పలుచని రేకుగోడలు తగవు. వేడిని ఆపు ఏర్పాటును అడిగి చూచియే ఒప్పుకొనవలెను.

ఐదవది: సభ్యుని శ్రమను జమకట్టు పద్దును మొదటినాటినుండియే సంఘము పుస్తకమున తెరువవలెను. రొక్కము లేనివాడు వెనుకబడకుండుటకు ఇదియే మార్గము.

విత్తనములను, ఎరువులను కలసి కొని లాభము పొందిన సంఘమునకు గోడలను, కప్పులను కలసి కొనుట అసాధ్యము కాదు. వచ్చు సర్వసభ్యసమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, ఇల్లు కావలసినవారి పట్టీని ముందుగా వ్రాయుడు. ఆ పట్టీ యెంత పొడవైన ఇంటివెల యంత తగ్గును.