రెండు వర్గాలు పోరాడుకున్నప్పుడు: సోమాలియా నుండి ఒక పాఠం

దివ్య ఖుర్ఆన్‌లోని 49వ సూరా అల్ హుజురాత్, 9వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులపై ఒక బాధ్యత మోపాడు. విశ్వాసులలో రెండు వర్గాలు పోరాడుకుంటే వారి మధ్య సంధి చేయాలి. ఒక వర్గం దౌర్జన్యానికి దిగితే, అది దైవాజ్ఞ వైపు మరలేవరకు దాన్ని ఎదిరించాలి. మరలిన తర్వాత మళ్ళీ సంధి చేయాలి, అదీ న్యాయంతో చేయాలి. ఆయతు సారాంశం ఇదే.

ఇక్కడ ముఫస్సిరులు ఎత్తి చూపిన ఒక సంగతి ఉంది. కత్తులు దూసుకున్న ఆ ఇరు పక్షాలనూ అల్లాహ్ 'విశ్వాసులు' అనే పేరుతోనే ప్రస్తావించాడు. మరొకటి, సంధి ప్రస్తావన రెండుసార్లు వచ్చినా 'అద్ల్' అంటే న్యాయం అన్న షరతు రెండవసారే విడిగా వచ్చింది. ఎందుకంటే పోరు ముగిసేసరికి గెలిచినవాడి చేతిలో బలం ఉంటుంది. ఓడినవాని హక్కును తొక్కేయడం అప్పుడు చాలా సులువు. మధ్యవర్తి సైతం తొందరలో 'ఇక చాలించండి' అని చేతులు దులుపుకుంటాడు.

ఈ ఆయతు సందర్భంగా సహీహ్ బుఖారీలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంఘటనలో ఇరుపక్షాలు కొట్టుకున్నది ఖర్జూరపు మట్టలతో, చేతులతో, చెప్పులతో. అంత చిన్న కొట్లాట దగ్గరే ఇంత పెద్ద ఆదేశం వచ్చింది. ఆ చెప్పుల స్థానంలో తుపాకులు, విమానాలు వస్తే ఏమవుతుందో సోమాలియాలో చూద్దాం.

యుద్ధాల మాట వస్తే మన ఇళ్ళలో పాలస్తీనా, ఇరాక్‌ల పేర్లు వినబడతాయి. సోమాలియా పేరు అరుదు. హైదరాబాదు టోలీచౌకి ప్రాంతంలో సోమాలీ విద్యార్థులు, శరణార్థులు ఎన్నో ఏళ్ళుగా ఉంటున్నారు. జుమా నమాజులో మన భుజానికి భుజం ఆనించి నిలబడతారు. వారిని ఇల్లు విడిచి వచ్చేలా చేసినదేమిటని అడిగినవాళ్ళం మాత్రం తక్కువే.

సోమాలీలు దాదాపు అందరూ ముస్లిములు. దాదాపు అందరిదీ షాఫియీ మజ్‌హబ్. అత్యధికుల భాష ఒక్కటే. "అందరం ఒక్కటైతే చాలు, కలహాలుండవు" అని మన సభల్లో వినిపించే మాటకు అక్కడ గట్టి దెబ్బ తగిలింది. ధర్మం ఒకటే, భాష ఒకటే, అయినా తెగ పేరుతో రక్తం పారింది. దైవప్రవక్త (సఅసం) ముహాజిర్లు, అన్సార్లు తమ తమ వర్గాల పేర్లు ఎత్తి పిలుచుకున్నప్పుడు ఆ పిలుపు దుర్గంధభరితమని, దాన్ని వదిలేయమని వారించారు. ఆ పిలుపును అసబియ్యత్ అంటాము. అది కలిమా చదివినంత మాత్రాన దానంతటదే పోదు.

1960లో బ్రిటిష్, ఇటలీ పాలిత ప్రాంతాలు రెండూ కలిసి సోమాలియా దేశం ఏర్పడింది. 1969లో సైనిక కుట్రతో సియాద్ బర్రే గద్దెనెక్కాడు. తెగల పేరెత్తడాన్నే నిషేధించి, తానే కొన్ని తెగలను చేరదీసి మిగతావాటిని అణచాడు. 1988లో ఉత్తరాన తిరుగుబాటు లేచినప్పుడు హర్గీసా నగర విమానాశ్రయం నుండే విమానాలు లేచి ఆ నగరం మీదే బాంబులు కురిపించాయి. లక్షలాది జనం ఇథియోపియాకు పారిపోయారు. 1991 జనవరిలో బర్రే పారిపోయాడు, దేశం ముక్కలైంది. వలస పాలకులు గీసిన హద్దులు, అగ్రరాజ్యాలు ఇరువైపులా ఇచ్చిన ఆయుధాలు ఈ పాపంలో పెద్ద వాటాదార్లు. దాన్ని కాదనము. కానీ నేరమంతా బయటివాళ్ళ మీద వేసి ఊరుకుంటే హుజురాత్ సూరా మనకు అప్పగించిన పని మిగిలిపోతుంది.

ఒకే ఏడు, రెండు సంధులు

1993లో జరిగిన రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది దక్షిణానిది. ఆ మార్చిలో ఇథియోపియా రాజధాని అద్దిస్ అబాబాలో ఐక్యరాజ్యసమితి చొరవతో 15 సాయుధ వర్గాల నాయకులు ఒప్పందంపై సంతకాలు చేశారు. పిలుపు అందుకున్నది ముఖ్యంగా తుపాకీ ఉన్నవాడే. ఎవరి భూమి ఎవరు ఆక్రమించారు, ఏ బావి ఎవరిది అన్న లెక్క తేలలేదు. జూన్ 5న మొగదిషులో 24 మంది పాకిస్తాన్ శాంతిసైనికులు హతులయ్యారు. అక్టోబరులో అమెరికన్ దళాలతో ఘోర పోరు జరిగింది. 1995 మార్చికి ఐక్యరాజ్యసమితి దళాలు దేశం విడిచాయి.

రెండవది ఉత్తరానిది. బోరమా అనే చిన్న పట్టణంలో జనవరి నుండి మే వరకు తెగల పెద్దలు కూర్చున్నారు. ఓటు హక్కు ఉన్న ప్రతినిధులు 150 మంది. ఖర్చులో అధిక భాగం స్థానికులే భరించారు. ఆ పట్టణం ఎంపిక గమనించదగినది. బర్రే మీద పోరాడి గెలిచిన వర్గం తన సొంత పట్టణానికి కాకుండా, ఆ పోరులో తన పక్షాన లేని తెగ ఊరికి వెళ్ళి సమాన వరుసలో కూర్చుంది. 'అద్ల్' అన్న షరతుకు ఇంతకంటే స్పష్టమైన ఆచరణ ఈ కాలంలో మాకు కనిపించలేదు.

ఆ పెద్దల సభను 'గూర్తి' అంటారు. వారి చేతిలో రెండు పనిముట్లున్నాయి, ఒకటి సోమాలీ ఆచార న్యాయం 'హీర్', రెండవది షరీఅత్. హత్యకు దియత్ నూరు ఒంటెలు. హంతకుడొక్కడే కాదు, అతని దగ్గరి బంధువర్గమంతా దాన్ని పంచుకుని చెల్లిస్తుంది. మదర్సాలో ఫిఖ్హ్ గ్రంథాల్లో 'ఆఖిలా' అనే అధ్యాయం చదివేటప్పుడు చాలామంది విద్యార్థులు దీన్ని పాతకాలపు సంగతిగా దాటేస్తారు. దాని ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. కుర్రవాడు తుపాకీ ఎత్తితే బాబాయిలు, పెదనాన్నల మంద తరిగిపోతుంది. కాబట్టి వాడి చెయ్యి పట్టుకోవడానికి అందరూ ముందుకొస్తారు.

అయితే వేలాది శవాలకు ఒంటెలు లెక్కగట్టడం సాధ్యమా? కాదు. అందుకే యుద్ధకాలపు ప్రాణనష్టాలను చాలావరకు పరస్పరం వదిలేసుకుని, భూముల వంటి ఆస్తులను అసలు యజమానులకు తిరిగి ఇప్పించే పద్ధతి పెట్టారు. నిసా సూరా 92వ ఆయతు దియత్ విధించిన చోటే క్షమించి వదలివేసే అవకాశాన్నీ ఇచ్చిందని గుర్తుంచుకోవాలి. కానీ క్షమించే అధికారం వారసులది. నాయకుడు వేదికెక్కి వారి తరఫున క్షమిస్తే అది దబాయింపు.

బోరమా సభ శాంతి ఒడంబడికతో పాటు పాలనకూ ఒక రూపం ఇచ్చింది. 1969 కుట్రకు ముందు సోమాలియా ప్రధానిగా ఉన్న ముహమ్మద్ ఇబ్రాహీం ఇగాల్‌ను అధ్యక్షునిగా ఎన్నుకుంది. గూర్తికి పార్లమెంటులో ఎగువ సభ స్థానం దక్కింది. అంతా సాఫీగా సాగిందని కాదు. 1994లో హర్గీసా విమానాశ్రయం మీద అజమాయిషీ కోసం మళ్ళీ కాల్పులు మొదలై, 1997 నాటి సభతో గాని చల్లారలేదు. ఆ తర్వాత సోమాలిలాండ్ అనే ఆ ప్రాంతం ఎన్నో ఏళ్ళు ఏ దేశ గుర్తింపూ లేకుండానే బడులు, పన్నులు, ఎన్నికలు నడుపుకుంది. అది వేరు దేశం కావాలా వద్దా అన్నది ఈ పాఠంలో మన చర్చ కాదు.

ఎవరు కూర్చోలేదు?

బోరమాలో స్త్రీలకు ఓటు లేదు. సోమాలీ స్త్రీ పుట్టిన తెగ ఒకటి, మెట్టిన తెగ తరచు మరొకటి. యుద్ధంలో ఒకవైపు సోదరుడు, ఇంకోవైపు భర్త, కొడుకులు. రెండు శిబిరాలకూ కబురు మోయగలిగినది ఆమే. హుజురాత్ ఆయతులోని ఆదేశం సమస్త విశ్వాసులకు, అందులో స్త్రీలూ ఉన్నారు. అలాంటప్పుడు ఆమెను సభ వెలుపల నిలబెట్టడానికి ఆచారం తప్ప వేరే ఆధారం మాకు కనిపించదు.

లోటు మరో చోట బయటపడింది. తూర్పున ఉన్న లాస్ అనోద్ పట్టణం, దాని చుట్టూ ఉన్న తెగ తాము ఆ పాలనలో సరైన వాటా పొందలేదని చాలాకాలంగా అంటూ వచ్చారు. 2023 ఫిబ్రవరిలో అక్కడి పెద్దలు తాము మొగదిషు ప్రభుత్వంతోనే ఉంటామని ప్రకటించారు. ఈసారి పట్టణంలో సభకు బదులు ఫిరంగులు మోగాయి. ఆగస్టులో సోమాలిలాండ్ సైన్యం ఆ ప్రాంతం నుండి వెనక్కి తగ్గేలోగా లక్షకు పైగా జనం ఇళ్ళు విడిచారు. వారిలో చాలామంది సరిహద్దు దాటి ఇథియోపియాలోని డోలో ప్రాంతం చేరారు. వరుస కరువులతో మందలు పోగొట్టుకుని ఉన్న అక్కడి పశుపాలకులే తమ ఇళ్ళలో, తమ నీళ్ళలో వారికి చోటిచ్చారు.